యంత్రానికొక దుబాసి

చెన్నపట్నంలో ఇంగ్లీషువారి సుప్రీంకోర్టు నడుస్తున్న రోజులలో అక్కడ దుబాసీలని కొందరు ఉద్యోగులు ఉండేవారు. 1830–31లో కాశీయాత్ర చేసి, ఆ ప్రయాణాన్ని తెలుగులో వ్రాసిపెట్టిన ఏనుగుల వీరాస్వామయ్య గారు అట్టి ఉద్యోగియే. సాక్షి తన భాషలో చెప్పిన మాటను న్యాయమూర్తికి ఇంగ్లీషులో వినిపించడం, న్యాయమూర్తి మాటను తిరిగి సాక్షికి అందించడం దుబాసి పని. న్యాయమూర్తి ఎంత వివేకవంతుడైనా, సాక్షి ఎంత సత్యవంతుడైనా, నడుమ నిలిచినవాడు మాటను సరిగా అందించకపోతే వ్యాజ్యం చెడుతుంది. ఉర్దూ విభాగంలోని మిత్రులు ఇట్టివానిని తర్జుమాన్ అంటారు. పేరు వేరైనా పని ఒకటే.

కంప్యూటర్లలో డ్రైవర్ అనే ప్రోగ్రాము ఒకటి ఉంటుంది. ఆ మాట వినగానే మనవారికి ఆర్టీసీ బస్సు, ఖాకీ చొక్కా గుర్తుకు వస్తాయి. దానికి ఆ పేరు ఎందుకు పెట్టారో గాని, అది చేసే పనిని గమనించినవారెవరైనా దానిని దుబాసి అనే అంటారు. తెలుగు బోధించే నావంటివాడు లాప్‌టాప్‌లో ఆటల వేగాన్ని గూర్చి మన కళాశాల సంచికలో వ్రాయడమేమిటని కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఈ వ్యవహారంలో నాకు కనిపించినదంతా భాషకు సంబంధించిన చిక్కే. అంతేకాక మా ఇంట్లో రెండు జతల గాజులు తాకట్టుకు పోవడమా, పోకపోవడమా అన్నది ఆ చిక్కు మీదనే ఆధారపడి ఉండినది.

2023 వేసవి మాట. మా ఆపా కుమారుడు డిగ్రీలో కంప్యూటర్లు చదువుతున్నాడు. వాని చదువు కోసం ఆపా తన చీటీ డబ్బుతో ఒక పాత లాప్‌టాప్ కొన్నది. దానిలో వాడు పాఠాలు చేసుకునేవాడు. పెళ్ళి వీడియోలు తీసే ఒకాయన వద్ద కూర్పు పని నేర్చుకుంటూ నెలకు కొద్దిపాటి సొమ్ము కూడా తెచ్చేవాడు. రాత్రిపూట ఆటలు ఆడేవాడు. ఇంటిలో చిక్కు వచ్చినది ఈ మూడవదానితోనే. 2015లో కంప్యూటర్లకు వెలువడిన జి.టి.ఎ. ఫైవ్ అనే ఆట వానికి ప్రాణం. అది ఆ యంత్రంలో నత్తనడక నడుస్తున్నది. కారు మలుపు తిరగాలని మీట నొక్కితే, గోడకు గుద్దుకున్న తరువాత మలుపు తిరుగుతున్నదట. వీడియో కూర్పు కూడా ఆగి ఆగి సాగుతున్నది. బజారులోని మరమ్మతు దుకాణంలో చూపిస్తే, గ్రాఫిక్స్ చిప్ పోయినదనీ, బోర్డు మార్చాలనీ, తొమ్మిది వేలు అవుతుందనీ, అంతకంటె ఇది అమ్మివేసి కొత్తది కొనడం మేలనీ చెప్పారు. ఆపా మారుమాట లేకుండా గాజుల వైపు చూసుకున్నది. బావగారు మాత్రం, ఆటల కోసం బంగారం కుదువ పెట్టే ఇల్లు ఎక్కడైనా ఉన్నదా అని ఒక్క మాట అని, రెండు రోజులు కొడుకుతో మాట్లాడడం మానివేశారు.

"మామూ, నువ్వయినా అబ్బాతో చెప్పు. ఆట కోసమే కాదు, పని కూడా ఆగిపోతున్నది" అని వాడు నా వద్దకు వచ్చాడు. ఆ సాయంత్రం మొదలు మూడు రోజుల పాటు మేమిద్దరం ఆ యంత్రం ముందు కూర్చున్నాము. నాకు తెలిసినది ఇంగ్లీషు చదవడం, వానికి తెలిసినది మీటలు నొక్కడం. ఆ రెండూ చాలినవి.

మొదట తెలుసుకోవలసినది, తెరమీద కదలిక ఎట్లా పుడుతుందనేది. తెరపై నిజంగా కదిలేది ఏదీ లేదు. నిశ్చలమైన బొమ్మలు ఒకదాని తరువాత ఒకటి వేగంగా వస్తూ ఉంటే మన కన్ను వానిని కలుపుకొని కదలిక అనుకుంటుంది. ఒక్కొక్క బొమ్మను ఫ్రేము అంటారు. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. దానితో మనకు ఏ లోపమూ తోచదు. అట్లయితే ఆటలో 24 ఎందుకు చాలవు? సినిమాలో కెమెరా పట్టిన ప్రతి ఫ్రేములోనూ ఆ క్షణపు కదలిక కొంత అలుముకొని ఉంటుంది. ప్రేక్షకుడు కూడా ఊరక చూస్తూ కూర్చుంటాడే గాని తెరకు ఏ ఆజ్ఞా ఇవ్వడు. ఆటలో ఉన్నవాడు క్షణక్షణమూ ఆజ్ఞ ఇస్తూ, దానికి తెర చెప్పే జవాబు కోసం ఎదురు చూస్తూ ఉంటాడు. సెకనుకు 60 ఫ్రేములు వస్తే ఒక్కొక్కటి సుమారు పదహారున్నర మిల్లీసెకన్లు ఉంటుంది. 15 మాత్రమే వస్తే ఒక్కొక్కటి 66 మిల్లీసెకన్లకు పైబడుతుంది. ఆ ఆలస్యం కంటికి తెలియడానికి ముందే చేతికి తెలుస్తుంది. పిల్లలు "లాగ్ అవుతున్నది" అని విసుక్కునేది దీనినే. వారి విసుగు పెంకితనం కాదు, కొలతకు అందే సంగతి.

ఇక పని భారం ఎంతటిదో చూడండి. మామూలు లాప్‌టాప్ తెర 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు ఉంటుంది. అంటే 20,73,600 చుక్కలు. సెకనుకు 60 ఫ్రేములంటే 12,44,16,000 చుక్కలకు రంగు నిర్ణయించాలి. నీడ ఎక్కడ పడాలి, నీటిలో దీపం ఎట్లా మెరవాలి, ఇవన్నీ అందులోనే. ఈ పనికి ప్రధాన ప్రాసెసర్ చాలదు గనుక దానికని వేరే చిప్పు ఉంటుంది. 1999లో ఎన్‌విడియా సంస్థ జిఫోర్స్ 256ను విడుదల చేస్తూ దానికి జి.పి.యు. అనే పేరును ప్రచారంలోకి తెచ్చింది. ఆ పేరే నేడు వాడుక.

ఆట వ్రాసినవారికి మీ లాప్‌టాప్‌లో ఏ చిప్పు ఉన్నదో తెలియదు. వారు డైరెక్ట్‌ఎక్స్, వల్కన్ వంటి ఒక ఉమ్మడి భాషలో ఆజ్ఞలు వ్రాస్తారు. చిప్పుకు ఆ భాష రాదు. దాని భాష దానిది, తరం మారితే అదీ మారుతుంది. నడుమ నిలిచి ఆట మాటను చిప్పుకు అర్థమయ్యేట్లు చెప్పేది గ్రాఫిక్స్ డ్రైవర్. ఇది ముక్కస్య ముక్క తర్జుమా చేసి ఊరుకునే దుబాసి కూడా కాదు. ఏ ఆజ్ఞను ముందు చెప్పాలి, దేనిని దేనితో కలిపి చెబితే చిప్పుకు తక్కువ శ్రమ అన్నది కూడా అదే చూసుకుంటుంది. కనుకనే కొత్త ఆట వచ్చినప్పుడెల్లా డ్రైవర్లు కూడా కొత్తవి వస్తూ ఉంటాయి. బ్రౌను దొర తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయినది. అది ఎంతటి ఘనమైన గ్రంథమైనా, దానిని పట్టుకొని నేటి దినపత్రికను ఇంగ్లీషులోకి మార్చబోతే అడుగడుగునా ఆగవలసి వస్తుంది గదా. పాత డ్రైవరుతో కొత్త ఆట నడపడం అటువంటిది.

దీనికి నాకు తెలిసిన మంచి నిదర్శనం ఇంటెల్ సంస్థది. 2022లో ఆ సంస్థ ఆర్క్ అనే పేరుతో గ్రాఫిక్స్ కార్డులు విడుదల చేసింది. కొత్త ఆటలు వానిలో బాగానే నడిచినవి గాని, డైరెక్ట్‌ఎక్స్ 9 నాటి పాత ఆటలు చతికిలబడినవి. కారణం ఏమంటే, పాత భాషను నేరుగా చిప్పు భాషలోకి మార్చక, ముందు డైరెక్ట్‌ఎక్స్ 12లోకి మార్చి, దానినుండి మరల చిప్పు భాషలోకి మార్చేవారు. ఒక గ్రంథాన్ని తెలుగునుండి ఇంగ్లీషులోకి, ఇంగ్లీషునుండి ఉర్దూలోకి మార్చితే ఏమి మిగులుతుందో మన కళాశాలలో వేరే చెప్పనక్కరలేదు. 2022 డిసెంబరులోను, ఆ తరువాతి నెలలలోను వచ్చిన డ్రైవర్లతో ఆ పాత ఆటలలో పలువాటి వేగం ఎంతగానో పెరిగింది. కార్డు అదే, ఆట అదే, మారినది దుబాసి మాత్రమే.

మా లాప్‌టాప్ సంగతికి వస్తాను. అందులో గ్రాఫిక్స్ చిప్పులు రెండు ఉన్నవి. ఒకటి ప్రాసెసర్‌లోనే ఇమిడి ఉన్న చిన్నది, ఉత్తరాలు వ్రాయడానికీ సినిమా చూడడానికీ సరిపోయేది. మరొకటి విడిగా అమర్చిన బలమైనది. బ్యాటరీ ఆదా కోసం యంత్రం సాధారణంగా చిన్నదానితో పని నడిపి, బరువు వచ్చినప్పుడు పెద్దదానిని లేపుతుంది. స్టార్ట్ గుర్తుపై మౌసు కుడి మీట నొక్కి, డివైస్ మేనేజర్ తెరచి, డిస్‌ప్లే అడాప్టర్స్ అనే శీర్షిక కింద చూస్తే, పెద్ద చిప్పు పేరు పక్కన పసుపుపచ్చని ముక్కోణపు గుర్తు కనిపించింది. ఉన్నది గాని పని చేయడం లేదని దాని అర్థం. పాత సామాను అమ్మిన దుకాణంవారు విండోస్‌ను కొత్తగా ఎక్కించినప్పుడు ఆ చిప్పుకు తగిన డ్రైవరును సరిగా ఎక్కించలేదు. ఆ ముక్కోణాన్ని చూసి మరమ్మతు దుకాణంవారు చిప్పు చచ్చిపోయినదన్నారు. చిప్పు బ్రతికే ఉన్నది, దానితో మాట్లాడేవారు లేరు. జి.టి.ఎ. ఫైవ్ అంతటి ఆట భారమంతా ఆ చిన్న చిప్పు నెత్తిన పడినది.

విండోస్ మీటను జి అక్షరంతో కలిపి నొక్కితే వచ్చే గేమ్ బార్‌లో సెకనుకు ఎన్ని ఫ్రేములో కనిపిస్తుంది. మావాడు ఒక నోటుపుస్తకం తెచ్చి, మొదటి పంక్తిలో 16 అని వ్రాశాడు. ఏమి మార్చినా ఒకేసారి ఒక్కటే మార్చాలనీ, మార్చిన ప్రతిసారి అదే వీధిలో అదే కారు నడిపి అంకె వ్రాయాలనీ నియమం పెట్టుకున్నాము. రెండు సంగతులు ఒకేసారి మార్చినవాడు దేనివలన మేలు కలిగిందో ఎన్నటికీ చెప్పలేడు.

నేను రాకముందే వాడు సొంతంగా ఒక ప్రయత్నం చేసి ఉన్నాడు. అన్ని డ్రైవర్లను ఉచితంగా బాగు చేస్తామని చెప్పే ఒక ప్రోగ్రామును దించుకున్నాడు. అది బాగు చేసినది ఏమీ లేకపోగా, తెరనిండా ప్రకటనలు నింపి, డబ్బు కట్టమని పీడించసాగినది. ఇటువంటివాని జోలికి మన విద్యార్థులు పోవద్దని గట్టిగా చెబుతున్నాను. డ్రైవరు చిప్పు తయారు చేసినవారి వద్ద గాని, లాప్‌టాప్ తయారు చేసినవారి వద్ద గాని ఉచితంగానే దొరుకుతుంది. మూడవవాని ప్రమేయం అక్కరలేదు. ముందుగా ఆ ప్రోగ్రామును తీసివేశాము.

సరియైన డ్రైవరును దించుకొని ఎక్కించబోతే సగంలో ఆగి, ఎక్కలేదని చెప్పినది. ఎప్పటివో పాత డ్రైవరు ముక్కలు లోపల చిక్కుకొని ఉండడమే కారణమని తోచినది. ఇటువంటి సందర్భాలకు డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత ఉపకరణం ఒకటి ఉన్నది. దానితో వచ్చే సూచనలను ఇంగ్లీషులో చదివి వానికి వివరించడానికి నాకు అరగంట పట్టింది. ఇంటర్నెట్‌ను ముందే తీసివేయాలి. లేకపోతే మనం పాతదానిని తుడిచేలోగా విండోస్ తనకు తోచిన డ్రైవరును తానే తెచ్చి పెట్టుకుంటుంది. షిఫ్ట్ మీటను అదిమిపట్టి రీస్టార్ట్ నొక్కి, సేఫ్ మోడ్‌లోకి పోవాలి. అక్కడ పాతది అంతా తుడిచి, మరల మామూలుగా తెరచి, దించి ఉంచుకున్న కొత్త డ్రైవరును ఎక్కించాలి. నడుమ తెర రెండుసార్లు నల్లబడింది. వాడు బిస్మిల్లా అంటూ కుర్చీ అంచుకు వచ్చి కూర్చున్నాడు. తెర తిరిగి వెలిగేసరికి ముక్కోణం లేదు.

ఆట తెరిస్తే మొదటి పది నిముషాలు కుదుపులు తగ్గలేదు. వాని మొహం వాడిపోయినది. డ్రైవరు మారినప్పుడు, అది ఇంతకుముందు తర్జుమా చేసి దాచుకున్న నీడల, వెలుగుల లెక్కలన్నీ చెల్లకుండా పోతాయి. మరల కొత్తగా కట్టుకోవాలి. ఆ కుదుపులు అందువలననే. ఈ సంగతి తెలియక, కొత్త డ్రైవరు మంచిది కాదని వెంటనే తీసివేసేవారు చాలామంది ఉంటారు. పావుగంట ఓర్చుకున్న తరువాత అంకె 52 దగ్గర నిలిచినది. నోటుపుస్తకంలో 16 కింద 52 అని వ్రాసి, వాడు దాని చుట్టూ రెండు గీతలు గీశాడు.

కథ ఇక్కడితో ముగిసినదని మాత్రం అనుకోకూడదు. మరునాడు 52 కాస్తా 30 అయినది. డ్రైవరు మీద అనుమానపడబోయి చూస్తే, చార్జరు తీసి ఉన్నది. బ్యాటరీ మీద ఉన్నప్పుడు లాప్‌టాప్ తన బలాన్ని తానే తగ్గించుకుంటుంది. ఆట ఆడాలంటే చార్జరు ఉండవలసిందే. మూడవనాడు మరొకటి. అరగంట బాగా ఆడి, ఆ తరువాత 35కు దిగిపోయినది. అది వేడి. మే నెలలో మా ఊరి గదిలో, పైగా దూదిపరుపు మీద లాప్‌టాప్ పెట్టుకొని ఆడితే, గాలి తీసుకునే రంధ్రాలు మూసుకొనిపోక ఏమవుతాయి? వేడి హద్దు మీరినప్పుడు చిప్పు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. బల్లమీదికి మార్చి, వెనుకభాగం కింద రెండు చెక్కముక్కలు పెట్టి, ఫ్యానులోని దుమ్ము దులిపించిన తరువాత 48కి తగ్గలేదు. దుమ్ము దులిపినవారు తీసుకున్నది మూడు వందల రూపాయలు. మొత్తం ఖర్చు అంతే.

కొత్తదయినంత మాత్రాన ప్రతి డ్రైవరూ మేలు చేస్తుందని కూడా నేననను. 2010 మార్చిలో ఎన్‌విడియా విడుదల చేసిన 196.75 అనే డ్రైవరు కొన్ని కార్డులలో ఫ్యానును సరిగా తిప్పక కార్డులు వేడెక్కడంతో, సంస్థ దానిని వెంటనే ఉపసంహరించుకోవలసి వచ్చింది. దుబాసి మారితే ఒక్కొక్కప్పుడు పాతవాడే నయమనిపిస్తుంది. అందుకే డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ అనే మీట ఉన్నది, పూర్వపు డ్రైవరు యంత్రంలో మిగిలి ఉంటే మరల దానిని కొలువులోకి పిలువవచ్చును. డ్రైవరుతో పాటు విడుదల వివరాలని ఒక పత్రం ఇస్తారు. ఇందులో ఏమి బాగుచేశామో, ఏవి ఇంకా బాగుపడలేదో వారే వ్రాస్తారు. తమ సరుకులోని లోపాలను తామే జాబితా వ్రాసి కొనుగోలుదారుకు ఇచ్చే ఇటువంటి ఆచారం మన బజారులో మరెక్కడా నేను చూడలేదు. కాని దానిని చదివేవారేరి? మావాడు దానిని చదవకపోవడానికి కారణం బద్ధకం కాదు, అందులోని ఇంగ్లీషు. పాఠ్యపుస్తకాల ఇంగ్లీషుకు భయపడే పిల్లవాడు, తన ఆట కోసమైతే నాలుగు పుటల సాంకేతిక పత్రాన్ని నిఘంటువు పట్టుకొని చదవడం నేను కళ్ళారా చూశాను. ఆటలను పూర్తిగా నిషేధించాలనే మన పెద్దలకు ఈ ఒక్క సంగతి మనవి చేయదలచుకున్నాను.

కమిటీవారు దయతో గమనించవలసిన చిన్న సంగతి మరొకటి ఉన్నది. కళాశాలలలో కంప్యూటర్లు మూడు నాలుగేళ్ళకే పనికిరానివని స్టాకు రిజిస్టరులో కొట్టివేయబడుతూ ఉంటాయి. అట్లా కొట్టివేసే ముందు, ఆ యంత్రంలో డ్రైవర్లు ఏనాటివో ఒకసారి చూసి, ఆ తేదీని రిజిస్టరులో ఒక గడిలో వ్రాయించితే బాగుంటుంది. మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని కనిపించిన ప్రతి యంత్రమూ అసలు దుబాసి లేక, సంజ్ఞలతో కాలక్షేపం చేస్తున్నదే. దానిని పారవేయడానికి ముందు ఒక గంట సమయం ఇవ్వడం న్యాయం.

ఆపాకు ఈ వివరాలు ఏవీ అక్కరలేకపోయినవి. "చిప్పు పోలేదా?" అని అడిగినది. పోలేదన్నాను. గాజుల మాట మరల ఎవరూ ఎత్తలేదు. బావగారు మాత్రం ఒకనాడు రాత్రి కొడుకు వెనుక నిలబడి కొంతసేపు తెర చూసి, "ఇంతకు ముందు ఇట్లా నడవలేదుగా" అన్నారు. వారిద్దరి మధ్య ఆ వారంలో నడిచిన మొదటి సంభాషణ అది.

యంత్రాల దుబాసీలకు కూడా పదవీవిరమణ ఉన్నదని ఇటీవల తెలిసినది. పాస్కల్ అనే తరానికి చెందిన తమ కార్డులకు కొత్త ఆటల కోసం ఇచ్చే చివరి డ్రైవరు 2025 అక్టోబరులోనిదనీ, ఆపైన 2028 అక్టోబరు వరకు భద్రతకు సంబంధించిన సవరణలు మాత్రమే మూడు నెలలకొకసారి ఇస్తామనీ ఎన్‌విడియా 2025లో ప్రకటించింది. మావాని చిప్పు ఆ తరానిదే. ఆ చివరి డ్రైవరు రాగానే వాడు దానిని దించి, ఒక పెన్‌డ్రైవులో వేసి, దానికి చిన్న కాగితం అంటించి, పేరూ తేదీ ఉర్దూలో వ్రాసుకున్నాడు.

"కొత్త ఆటలు దీనిమీద ఇక నడవవేమో, మామూ" అన్నాడు.

"నడిచినన్నాళ్ళు నడుస్తాయి. పాతవి ఉన్నాయిగా" అన్నాను.

హాస్టలు పిల్లలు ఇద్దరు ఆదివారం నాడు తమ లాప్‌టాప్‌లు చంకన పెట్టుకొని వాని కోసం వచ్చారు. వాడు ముందుగా నోటుపుస్తకం తీసి, ఇప్పుడు ఎంత వస్తున్నదో చెప్పమని అడిగాడు.